డిటెక్టివులు నేర్పిన తెలుగు

తెలుగు నవల చరిత్ర రాసినవాళ్ళు అపరాధ పరిశోధక నవలకు మహా అయితే ఒక పేరా ఇస్తారు. ఆ పేరాలోనూ సగం విసుగే. కాలక్షేపం సరుకనీ, రైల్వేస్టేషను సాహిత్యమనీ, కుర్రకారును పాడుచేసిందనీ నాలుగు మాటలనేసి అసలైన నవలల్లోకి వెళ్ళిపోతారు. సైన్సు నవలకు ఆ పేరా కూడా దక్కదు. ఆంధ్రలోనో తెలంగాణలోనో కూర్చుని రాసేవాళ్ళకు ఈ లెక్క సరిపోవచ్చు. వాళ్ళకు బడిలో తెలుగుంది, అంగడి బోర్డు మీద తెలుగుంది, పెళ్ళిపత్రికలో తెలుగుంది. అక్షరాలు వాళ్ళకు అడగకుండానే వస్తాయి. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పుట్టి పెరిగిన మనకు లెక్క వేరు. మనకు మాట అమ్మ దగ్గర వచ్చింది. అక్షరం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికి వారు వెనక్కి తిరిగి చూసుకోవాలి.

నా మటుకు నేను చూసుకుంటే కనిపించేది కావ్యమూ కాదు, పాఠ్యపుస్తకమూ కాదు. అట్ట చినిగిన పాకెట్ సైజు డిటెక్టివు నవల కనిపిస్తుంది. నా ఈడువాళ్ళను అడిగితే చాలామంది ఇదే చెబుతారు, కొంచెం సిగ్గుపడుతూ. సిగ్గుపడవలసిన పనిలేదని చెప్పడానికే ఈ వ్యాసం. హత్యలూ గూఢచారులూ మాంత్రికులూ గ్రహాంతర యాత్రలూ నిండిన పుస్తకాలు రాష్ట్రేతర తెలుగువాళ్ళలో కనీసం రెండు తరాలకు చదవడం నేర్పాయి. ఆ పుస్తకాలలో చాలావాటిని తయారుచేసినది కూడా మనలాగా తెలుగు రాష్ట్రానికి బయట ఉండిపోయిన ఒక ఊరే. ఈ రెండు సంగతులూ మన చరిత్రలో భాగం.

తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రంతో మనిషిని నడిపించడం మనకు ఇంగ్లీషువాళ్ళు నేర్పిన విద్య కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ గుర్తుచేసుకోండి. మణిసిద్ధుడు కాశీకి కాలినడకన పోతూ తోడుగా ఒక గొల్లపిల్లవాణ్ణి వెంటబెట్టుకుంటాడు. దారిలో కనిపించిన వింతకల్లా కథ చెప్పాలని ఆ పిల్లవాడి షరతు. చెప్పకపోతే అడుగు ముందుకు వెయ్యడు. పాపం సిద్ధుడు మజిలీ మజిలీకీ కథ చెబుతూనే పోయాడు, పన్నెండు భాగాలు నిండాయి. వాడికి కాశీ మీద భక్తి లేదు. కథ కోసం నడిచాడు, కాశీ చేరాడు. ఉత్కంఠ నవలను తిట్టేవాళ్ళు ఈ గొల్లపిల్లవాణ్ణి ఒకసారి తలుచుకుంటే మంచిది.

కొత్తలోకాల కథ కూడా మనకు నిన్న మొన్నటిది కాదు. కందుకూరి వీరేశలింగంగారు 1890లలోనే ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రాశారు. 1726లో స్విఫ్ట్ రాసిన గలివరు యాత్రలు దానికి ఒరవడి. సత్యరాజు ఆడుమళయాళమనే దేశానికి పోతాడు. అక్కడ రాజ్యమేలేది ఆడవాళ్ళు, ఘోషాలో మగ్గేది మగవాళ్ళు. ఇంకో భాగంలో లంకలో మహాకాయుల మధ్య చిక్కుకుంటాడు. మన ఆచారాలను తలకిందులు చేసి చూపించి నవ్వించడం, నవ్వుతూ నవ్వుతూ సిగ్గుపడేట్టు చెయ్యడం ఆయన ఉద్దేశం. ‘ఇట్లా కాక అట్లా ఉంటే?’ అని అడగడమే సైన్సు నవలకు మూలమనుకుంటే తెలుగులో దాని విత్తనం అక్కడే పడింది. మొలక ఎందుకు ఎదగలేదన్నది తర్వాత చూద్దాం.

డిటెక్టివు మాత్రం మనకు రెండు మజిలీల దారిలో వచ్చాడు. 1887లో కానన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించాడు. కలకత్తాలో పాంచ్‌కడీ దేవ్ వంటివాళ్ళు ఆ వరసలో బెంగాలీ నవలలు రాశారు. 20వ శతాబ్దం తొలి దశకాలలో బెంగాలీ నవలలు తెలుగులోకి వెల్లువగా వస్తున్నప్పుడు, బంకించంద్రుడి వెనకే ఈ అపరాధ పరిశోధకులు కూడా వచ్చేశారు. ఆ అనువాదాల భాష చాలావరకు గ్రాంథికం. దొంగను తరుముతున్న పోలీసు కూడా ‘పరుగిడుచుండెను’. దొంగ దొరకడానికి అంత ఆలస్యమెందుకయ్యేదో అప్పుడర్థమవుతుంది.

ఆ భాషను నేలమీదకు దించిన ఉద్యమానికీ మనకూ ఉన్న చుట్టరికం ఒకటి చెప్పాలి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసింది పర్లాకిమిడిలో. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. తెలుగువాడు మాట్లాడినట్టు తెలుగు రాయాలన్న మాట గట్టిగా వినిపించిన ఊరు ఇవాళ తెలుగు రాష్ట్రంలో లేదు. పండితులు ఆ మాటను ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. డిటెక్టివు నవల అంతకాలం ఆగలేదు. చేతిలో రివాల్వరున్నవాడు గ్రాంథికం మాట్లాడితే ఎవరూ భయపడరని దాని రచయితలకు తొందరగానే తెలిసిపోయింది.

ఇక మద్రాసు సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనది కాకుండా పోయింది. కాని అచ్చుయంత్రాలు పోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో పెట్టి 1914లో మద్రాసుకు తెచ్చిన ఆంధ్రపత్రిక అక్కడే ఉంది. వావిళ్ళవారి ముద్రణాలయం అక్కడే ఉంది. చందమామ అక్కడే. సినిమా స్టూడియోలూ అక్కడే, వాటిని నమ్ముకున్న రచయితలూ అక్కడే. రాజధాని కర్నూలుకు, తర్వాత హైదరాబాదుకు పోయినా తెలుగువాళ్ళ వినోదమంతా ఇంకా పాతికేళ్ళపాటు పెద్దభాగం మద్రాసులోనే తయారైంది. తెలుగు డిటెక్టివు నవల మహర్దశ ఆ కాలానిదే.

ఆ కాలానికి పెద్దపేరు కొమ్మూరి సాంబశివరావు. 1926లో పుట్టి 1994లో పోయిన ఈయన మద్రాసులో ఉంటూ నవలలు రాశారు. ఆయన సృష్టించిన డిటెక్టివు యుగంధర్ పేరు తెలియని తెలుగు పాఠకుడు ఆ రోజుల్లో లేడు. యుగంధర్‌కు రాజు అని ఒక కుర్ర అసిస్టెంటు, కాత్యా అనే సెక్రెటరీ, తలనొప్పి కేసులన్నీ మోసుకొచ్చే ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. యుగంధర్ అరిచేవాడు కాదు, గొప్పలు పోయేవాడు కాదు. మర్యాదగా అడిగి, మౌనంగా ఆలోచించి, చివర అందరినీ కూర్చోబెట్టి చెప్పేవాడు. మేము మా వీధిలో ఎవరింట్లో చెంబు పోయినా అదే పద్ధతిలో విచారణ చేసేవాళ్ళం.

ఆరుద్ర కూడా మద్రాసువాడే. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు రాసిన ఆ చేత్తోనే ‘పలకల వెండి గ్లాసు’ వంటి డిటెక్టివు నవలలూ రాశారు. నన్నయ కాలాన్ని తేల్చడానికీ హంతకుణ్ణి పట్టడానికీ కావలసిన బుద్ధి ఒకటేనని ఆయనకు తెలిసి ఉండాలి. టెంపోరావు, విశ్వప్రసాద్ వంటివాళ్ళ పుస్తకాలు చేతులు మారుతూ ఉండేవి. వీళ్ళకు ముందు కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వెయ్యికి పైగా చిన్ననవలలు రాసి రైలుప్రయాణీకులకు పుస్తకం కొనే అలవాటు చేశారు. 1970లలో మధుబాబు ‘షాడో’ వచ్చాక ఊళ్ళోని హంతకుడు చిన్నవాడైపోయి దేశదేశాల గూఢచారుల కాలం మొదలైంది.

ఇందులో మనకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. కోస్తాలో చదివే కుర్రవాడికి యుగంధర్ కారులో తిరిగిన మద్రాసు వీధులు దూరపు పట్నం. మాకు అవి మామ ఉద్యోగం చేసే ఊరు. చుట్టూ తమిళం మాట్లాడే పట్నంలో ఒక తెలుగువాడు తలెత్తుకుని, ఎవరికీ తీసిపోకుండా, తన తెలివితో బతుకుతున్నాడు. అతని ఇంట్లో తెలుగు, ఆఫీసులో తెలుగు. అప్పటి పెద్ద నవలల్లో గోదావరి ఉంది, కృష్ణ ఉంది, పల్లెటూరి రచ్చబండ ఉంది. మాలాంటి తెలుగువాడు మాకు కనిపించింది మాత్రం డిటెక్టివు నవలలోనే.

చదవడం ఎట్లా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. మాది హోసూరు. నేను తమిళ బడిలో చదివాను. మా అవ్వ పెద్దబాలశిక్ష ముందేసుకుని గుణింతాల దాకా నేర్పింది. అంతవరకు పరవాలేదు. తమిళ లిపి చదివిన పిల్లవాడికి తెలుగు ఎక్కడ అడ్డుపడుతుందో పక్కనుంచి చూసినవాళ్ళకే తెలుసు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ ఒకటే. సందర్భాన్ని బట్టి పలుకు మారుతుంది, అక్షరం మారదు. ఇక ఒత్తులా, అసలు లేవు. ముందక్షరం నెత్తిన చుక్క పెట్టి రెండోదాన్ని పక్కన రాసేస్తారు. తెలుగులో రెండో అక్షరం కిందికి దిగి, వేషం మార్చుకుని వేలాడుతుంది. తకారం ఒత్తు తకారంలా ఉండదు, యకారం ఒత్తు యకారంలా ఉండదు. వేషధారులను పట్టడం నిజంగా డిటెక్టివు పనే.

ఒక్కొక్క లిపి వాళ్ళకు ఒక్కొక్క చిక్కు. కన్నడ బడిలో చదివినవాళ్ళు అదృష్టవంతులు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి తలకట్టు తేడా తెలిస్తే వారంలో చదివేస్తారు. మరాఠీ బడివాళ్ళకు మహాప్రాణాలు తెలుసుగాని దేవనాగరిలో సంయుక్తాక్షరం చాలావరకు పక్కపక్కన అతుక్కుంటుంది. మన కిందిఒత్తులు చూసి వాళ్ళు బెదురుతారు. ఒడియా బడివాళ్ళకు పలుకులన్నీ ఉన్నాయి, ఆకారాలు కొత్త. ఈ చిక్కులన్నిటికీ మందు ఒక్కటే, బోలెడంత చదవడం. అర్థం తెలిసిన తెలుగును, ఆగకుండా, వందల పేజీలు చదవాలి. ఏ పిల్లవాడు చదువుతాడు, బెత్తం లేకుండా?

‘హత్య’ అన్నమాటలో ఒక ఒత్తుంది. ‘రహస్యం’లో ఒకటుంది. ‘స్వరాజ్యరావు’లో రెండున్నాయి. ‘ఇన్‌స్పెక్టర్’ సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘ఖూనీ’ లేకుండా ఖ అక్షరం నాకు ఒంటబట్టేది కాదు. ‘ఘాతుకం’, ‘భూతం’, ‘ధనం’, ‘ఛాతీ’ – మహాప్రాణాలన్నీ ప్రాణం పోయే చోటనే ఉన్నాయి. తలుపు వెనక ఎవరో నిలబడి ఉన్నారని పుస్తకం చెబుతున్నప్పుడు ఒత్తు రాలేదని ఎవడూ పుస్తకం మూయడు. ఊహించి ముందుకు పోతాడు. అదే మాట పది పేజీల తర్వాత మళ్ళీ వస్తుంది, ఊహ సరైనదో కాదో తేలిపోతుంది. ఇరవై పుస్తకాలయ్యేసరికి అడ్డుపడే అక్షరం మిగల్లేదు. ఆ తర్వాతనే నేను కొడవటిగంటినీ, చాసోనూ, రావిశాస్త్రినీ చదవగలిగాను. వాళ్ళ దగ్గరికి పోవడానికి నాకు వేరే దారి లేదు.

డిటెక్టివుకంటే ముందు మెట్టు చందమామ. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డిగార్లు దాన్ని తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలుపెట్టారు. తమిళంలో పేరు అంబులిమామ. తర్వాత కన్నడం వచ్చింది. 1952లో మరాఠీలో చాందోబా, 1956లో ఒడియాలో జన్హమామూ వచ్చాయి. అంటే రాష్ట్రేతర తెలుగుపిల్లలు ఉన్న చోటల్లా బడిభాషలోనూ ఇంటిభాషలోనూ అదే కథ, అదే బొమ్మతో దొరికేది. ఇంతకంటే మంచి వాచకం మనకు ఏ ప్రభుత్వమూ చేసిపెట్టలేదు. పక్కింట్లో అంబులిమామ, మా ఇంట్లో చందమామ. రెండూ ఎదురెదురుగా పెట్టుకుని, తమిళంలో అర్థమైన వాక్యాన్ని తెలుగులో వెతికి పట్టుకునేవాణ్ణి.

ఆ చందమామలో పిల్లలను పట్టుకున్నది ధారావాహిక. 1952లో చందమామలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యంగారు ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పన్నెండు ధారావాహికలు రాశారు. మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం – ఈ పేర్లు వింటే ఇప్పటికీ అరవై దాటినవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. చిత్రా వేసిన బొమ్మలు వాటికి తోడు. ఆయన నాయకుల పేర్లు శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు. తమిళ బడి పిల్లవాడికి శిఖిముఖి ఒక్కడే రెండు ఖకారాలు నేర్పి పోతాడు. ప్రతి నెలా కథ సరిగ్గా గండం దగ్గర ఆగేది. నెలరోజులు ఆగాలి. 2010లో ఆయన పోయినప్పుడు, ఒక్కసారైనా చూడని ఆ మనిషి నాకు అక్షరాలు దిద్దబెట్టిన అయ్యవారిలా తోచాడు.

పుస్తకాలు వచ్చే దారి కూడా చరిత్రే. తెలుగు పుస్తకాల అంగడి మా ఊళ్ళో లేదు. బెంగళూరు పోయినవాళ్ళు అవెన్యూ రోడ్డులో పాతపుస్తకాలు బేరమాడి తెచ్చేవాళ్ళు. మద్రాసు నుంచి మామలు తెచ్చేవాళ్ళు. ఒక చిల్లర అంగడాయన బీడీకట్టల పక్కన మూడు అరలు పుస్తకాలు పెట్టి రోజు అద్దెకిచ్చేవాడు. ఆయన్ను అందరమూ అన్నా అనే పిలిచేవాళ్ళం. ఆ పుస్తకాలు ఎన్ని చేతులు మారేవంటే చివరి పేజీలు ఊడిపోయేవి. డిటెక్టివు నవలకు చివరి పేజీ లేకపోతే ఏమి మిగిలిందని మీరడగవచ్చు. మాకు చాలా మిగిలింది. హంతకుడెవరో మేమే తేల్చుకోవాలి. అరుగు మీద కూర్చుని సాక్ష్యాలు ఏకరువు పెట్టి, పేజీ నంబర్లతో వాదించుకునేవాళ్ళం. తెలుగులో వాదించడం, తెలుగులో రుజువు చెయ్యడం మాకు ఏ బడిలోనూ నేర్పలేదు. కూరలు, పెళ్ళిళ్ళు, వానలు దాటి మా తెలుగు బయటికి వచ్చింది ఆ అరుగు మీదనే.

1980 ప్రాంతంలో కాలం మారింది. వారపత్రికల్లో సీరియళ్ళ రాజ్యం వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో వస్తున్నప్పుడు పత్రిక కోసం బస్టాండులో కాచుకుని నిలబడ్డవాళ్ళను నేను చూశాను. చేతబడిని కథావస్తువు చేసినందుకు విమర్శకులు దాన్ని క్షుద్రసాహిత్యమన్నారు. ఆ ఆక్షేపణలో న్యాయముంది. చేతబడి నెపంతో మనుషులను కొట్టి చంపే దేశంలో దాని మీద నమ్మకాన్ని పెంచే పుస్తకం రాసేవాడు జవాబు చెప్పుకోవాల్సిందే. అయినా ఇంకో మాట కూడా నిజం. తులసిదళం కన్నడంలోకి పోయింది, 1985లో కన్నడ సినిమా అయింది. మా వైపు కన్నడ చదువుకున్న తెలుగువాళ్ళు ఆ పేరు అక్కడ విని, మూలం మన భాషదేనని తెలిసి, తెలుగు పుస్తకం అడిగి తీసుకున్నారు. మంచిదో చెడ్డదో, చుట్టుపక్కల భాష మన భాషవైపు చెయ్యి చాచడం వాళ్ళు మొదటిసారి చూశారు.

ఇక సైన్సు నవల. డిటెక్టివు ‘ఎవరు చేశారు?’ అని అడుగుతాడు. సైన్సు నవల ‘ఇట్లా అయితే ఏమవుతుంది?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్న తెలుగులో బాగా పండింది. రెండోది అక్కడక్కడ మొలిచింది. యండమూరి ‘యుగాంతం’, మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘నత్తలొస్తున్నాయి జాగ్రత్త’ వంటివి చదివించాయి. అమెరికాలో ప్రొఫెసరుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావుగారు సైన్సు కథలు రాశారు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువూ కూర్చారు. మహీధర నళినీమోహన్ కథలా చదివించే సైన్సు పుస్తకాలు రాశారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసి కాలయంత్రాన్ని కృష్ణదేవరాయల విజయనగరంలో దించారు. ఆ యంత్రం దిగిన రాజధాని ఇప్పటి కర్ణాటకలో ఉంది. తెలుగు సినిమా కాలంలో వెనక్కి పోవాలన్నా మన గడప తొక్కక తప్పలేదని మేము సంబరపడ్డాం.

కాని ఇరుగుపొరుగు భాషలను చూస్తే మన బీదతనం తెలుస్తుంది. రాష్ట్రేతరులం కాబట్టి మనకు ఆ పోలిక తప్పదు. తమిళంలో సుజాత బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరు. 1980లలో ఆనందవికటన్‌లో ఆయన ‘ఎన్ ఇనియ ఇయందిరా’ వస్తున్నప్పుడు, పుస్తకాలు చదివి తనకు తానే ఆలోచించుకునే జీనో అనే యంత్రపుకుక్కను నేను తమిళంలో కలుసుకున్నాను. మరాఠీలో జయంత్ నార్లీకర్ ప్రపంచమెరిగిన ఖగోళశాస్త్రవేత్త. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి మారుపేరుతో కథ పంపి బహుమతి గెలుచుకున్నారు. 2025లో కన్నుమూసేదాకా ఇంగ్లీషుతోబాటు మరాఠీలోనూ రాస్తూ ఉన్నారు. ఒడియాలో గోకులానంద మహాపాత్ర రసాయనశాస్త్రం చెబుతూ సైన్సు నవలలు రాశారు. ప్రయోగశాలలో పనిచేసే మనుషులు సాయంత్రం ఇంటికొచ్చి తమ భాషలో కథ రాశారు. మన శాస్త్రవేత్తలు తక్కువవాళ్ళు కాదు. వాళ్ళలో ఎక్కువమంది సాయంత్రం కూడా ఇంగ్లీషులోనే ఉండిపోయారు.

దీన్ని నేను ఒట్టి సాహిత్యపు లోటుగా చూడను. మన పిల్లలు సైన్సు తమిళంలోనో కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు. తెలుగు వంటింటికీ, పూజగదికీ, పోట్లాటకీ మిగులుతుంది. పిల్లవాడికి పదేళ్ళు వచ్చేసరికి ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది: నక్షత్రాల గురించి మాట్లాడాలంటే తెలుగు చాలదు అని. ఎవరూ చెప్పకుండానే వాడికది తెలిసిపోతుంది. వ్యోమనౌక, గ్రహాంతరవాసి, కాలయంత్రం అన్న మాటలు వాడికి అర్థం చెప్పి నేర్పితే రావు. ఒక నౌకలో గాలి అయిపోతూ ఉండాలి, లోపల ఒక పిల్ల చిక్కుకుని ఉండాలి. అప్పుడు మాట దానంతటదే వస్తుంది, నాకు ఖకారం వచ్చినట్టు.

ఈ పుస్తకాలన్నీ చేతిలోంచి జారిపోవడానికి ఎక్కువకాలం పట్టలేదు. 1990లలో ఇళ్ళలోకి టీవీ చానళ్ళు వచ్చాయి, అద్దె అరలు ఖాళీ అయ్యాయి. మా అన్న అంగడిలో పుస్తకాల చోట సీడీలు వచ్చాయి, తర్వాత రీచార్జి కార్డులు వచ్చాయి. 2010లు వచ్చాక చందమామ కూడా ఆగిపోయింది. తమిళనాట 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై పదేళ్ళలో పదో తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు కోర్టులు అప్పుడప్పుడు మినహాయింపులిచ్చాయి. తమిళనేల మీద తమిళం నేర్చుకోవద్దని మనమెవరమూ అనం, మనం నేర్చుకున్నాం. దానితోబాటు తెలుగు నిలుస్తుందా అన్నదే ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా తెలుగు మాతృభాషగా చెప్పుకున్నారు. అందులో ఎంతమంది ఈ పత్రిక చదవగలరో లెక్క తీసేవాళ్ళు లేరు.

తెలుగు వినడానికి ఇప్పుడు కరువు లేదు. 2024లో ‘కల్కి 2898’ సినిమాకు మా వీధి పిల్లలంతా పోయివచ్చారు. భవిష్యత్తు నగరాల గురించి, యంత్రాల గురించి చక్కటి తెలుగులో నాకు చెప్పారు. గోడమీది పోస్టరు చదవమంటే ఇంగ్లీషు అక్షరాలు చదివారు. సినిమాకు అక్షరం అక్కర్లేదు. పుస్తకం ఒక్కటే అక్షరం లేకుండా లోపలికి రానివ్వదు. అందుకే సినిమా ఎంత పెద్దదైనా ఆ పాత పాకెట్ నవల చేసిన పని చెయ్యలేదు.

మన సంఘాలు తెలుగు నిలపాలని సభలు పెడతాయి, పద్యాల పోటీలు పెడతాయి. పెట్టవలసిందే. కాని గుణింతం దాటిన పిల్లవాడి చేతికి పోతన పద్యమిస్తే వాడు దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేస్తాడు. గుణింతానికీ పద్యానికీ మధ్య కొన్ని వేల పేజీల చదువుంది. ఆ వేల పేజీలూ మనకు యుగంధరూ ఖడ్గవర్మా ఇచ్చారు. ఇప్పటి పిల్లలకు ఎవరివ్వాలి? దాసరివారి ధారావాహికలు, కొమ్మూరి నవలలు కొన్ని మళ్ళీ అచ్చయ్యాయి. అవి మన గ్రంథాలయాలకు చేరాలి. అంతకంటే ముఖ్యంగా, కొత్తవి మనవాళ్ళే రాయాలి. హోసూరు కార్ఖానాలో రాత్రిపాళీలో మాయమైన మనిషి, షోలాపూరు మగ్గాల షెడ్డులో దొరికిన పాత ఉత్తరం, కోలారు గనిలో మూసేసిన సొరంగం, చిల్కా మీద దిగిన గుర్తుతెలియని వెలుగు – కథకు మన ఊళ్ళలో కొదవ లేదు. ఒత్తులు పెద్దవిగా అచ్చువేసి, నెలకు నాలుగు పేజీలు, ప్రతి నెలా గండం దగ్గర ఆపితే చాలు. ఈ పత్రికలోనే అందుకు చోటివ్వవచ్చని నా మనవి.

దానితోబాటు పాఠకులకు ఇంకో మనవి. మీ ఊళ్ళో తెలుగు పుస్తకాలు అద్దెకిచ్చిన అంగడి ఏది, ఏ కాలంలో నడిచింది, అందులో ఏమేమి పుస్తకాలుండేవి అన్నది తెలిసిన పెద్దలు ఉండగానే రాసి పంపండి. అటకమీద పాత నవలలుంటే తూకానికి వెయ్యకండి. చివరి పేజీలు లేకపోయినా సరే, ఉంచండి.